65 ఎకరాల చెరువు, సైటుకు 8 మంది

డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో ఊరి జనాభా 2000 లెక్కల్లో 33,714. 2020 నాటికి అది 2,00,509కి చేరింది. ఈ పెరుగుదలలో మనవాళ్ల వాటా ఎంతో తెలుసుకోవడానికి జనగణన పట్టికలు తిరగెయ్యక్కర్లేదు, శనివారం సాయంత్రం అక్కడి ఇండియన్ స్టోర్లో గోంగూర కట్టల దగ్గర కాసేపు నిలబడితే చాలు. ఆ ఊరి నుంచి కారులో గంట పైచిలుకు ఈశాన్యంగా వెళ్తే, ఫానిన్ కౌంటీలో, బోన్‌హామ్ స్టేట్ పార్క్ వస్తుంది. 1936లో జనానికి తెరిచిన పార్కు. విస్తీర్ణం 261 ఎకరాలు. నడుమ ఉన్న చెరువు 65 ఎకరాలు.

ఊరు ఇరవై ఏళ్లలో ఆరింతలైంది. చెరువు అంతే ఉంది. టెక్సస్ స్టేట్ పార్కుల్లో మొదటిసారి క్యాంపింగుకు వెళ్లినవాళ్లు విసుక్కునే నిబంధనలు కొన్ని ఉన్నాయి. ఐదు నెలల ముందే బుక్ చేసుకోవాలి, సైటుకు ఎనిమిది మందికి మించకూడదు, రాత్రి పదికి గొంతు తగ్గించాలి. ఇవన్నీ ప్రభుత్వం వారి చాదస్తంలా కనిపిస్తాయి. పైన చెప్పిన లెక్కను పక్కన పెట్టుకుని చూస్తే మాత్రం, ఇంతకన్నా వదులుగా ఉంటే అక్కడ ఏమీ మిగలదని తెలుస్తుంది.

65 ఎకరాలంటే ఎంత? పార్కు మొత్తంలో పావు వంతు. గుండ్రంగా ఉందనుకుంటే చుట్టుకొలత రెండు కిలోమీటర్లు కూడా రాదు. నిజానికి ఒడ్డు వంకరటింకరగా ఉంటుంది కనక ఇంకాస్త ఎక్కువే నడవాలి, అయినా తీరిగ్గా ఒక పూటలో చుట్టూ చూసి వచ్చేయొచ్చు. మన లెక్కలో అది ఒక మోస్తరు ఊరి చెరువు. రూపంలోనూ అంతే: ఒకవైపు మట్టికట్ట, వెనక నిలిచిన నీళ్లు. టెక్సస్‌లో చెప్పుకోదగ్గ సహజ సరస్సంటే లూసియానా సరిహద్దున ఉన్న కాడో ఒక్కటే, దానికీ ఇరవయ్యో శతాబ్దంలో కట్ట వేశారు. మిగతావన్నీ మనుషులు కట్టుకున్నవే. అమెరికాలో సరస్సు ఒడ్డున టెంటు వేసుకున్నామని వాట్సాప్‌లో ఫొటోలు పెట్టేటప్పుడు, కాకతీయుల కాలం నుంచి చెరువు కట్టలెక్కి తిరిగినవాళ్లం ఇందులో కొత్తేముందని ఊళ్లో పెద్దవాళ్లు అడిగితే తప్పుపట్టలేం.

ఈ బోన్‌హామ్ కట్టను ఎవరు కట్టారన్నది అసలు కథ. 1933లో, మహా మాంద్యం నడుస్తున్నప్పుడు, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సివిలియన్ కన్జర్వేషన్ కోర్ అనే పథకం పెట్టాడు. మన ఉపాధి హామీకి తాత లాంటిది. పని లేని కుర్రాళ్లను చేర్చుకుని, తిండీ బట్టా పడకా ఇచ్చి, అడవుల్లోనూ పార్కుల్లోనూ పని చేయించేవారు. జీతం నెలకు 30 డాలర్లు. అందులో 25 డాలర్లు నేరుగా ఇంటికి వెళ్లిపోయేవి, కుర్రాడి చేతికి మిగిలేది 5. ధరల సూచీతో గుణిస్తే ఆనాటి 30 డాలర్లు ఇప్పటి 700 పైచిలుకుకు సమానం. ఒక కంపెనీ అంటే సుమారు 200 మంది. అంటే ఒక్కో కంపెనీ తరఫున నెలకు దాదాపు 5,000 డాలర్లు పస్తులున్న ఇళ్లకు చేరేవి. బోన్‌హామ్ పట్టణం నుంచి రాష్ట్రానికి వచ్చిన ఈ భూమిలో దిగింది 894వ కంపెనీ. మట్టికట్ట పోసి నీళ్లు నిలబెట్టారు. దగ్గర్లో దొరికిన సున్నపురాయితో, ఎర్ర దేవదారు కలపతో పడవల షెడ్డు, ఇతర కట్టడాలు లేపారు. తొంభై ఏళ్లు కావొస్తోంది, ఆ రాతిగోడలు ఇంకా వాడుకలోనే ఉన్నాయి. రాళ్లు ఒక సైజువి కావు. పెద్దదాని పక్కన చిన్నది, దాని మీద పలక లాంటిది, సందులు చూసి ఇరికించినట్టు ఉంటాయి. అచ్చులో పోసిన ఇటుకల మధ్య ఇళ్లు కొనుక్కుని ఉంటున్నవాళ్లకు ఆ గోడ మీద చెయ్యి వెయ్యాలనిపిస్తుంది.

ఈ పథకం 1942లో ముగిసింది. ఈలోగా టెక్సస్‌లో కట్టిన పార్కుల్లో 29 ఇప్పటికీ రాష్ట్ర పార్కులుగానే నడుస్తున్నాయి. ఒక మాట మాత్రం దాటెయ్యకూడదు. కోర్‌లో నల్లజాతి కుర్రాళ్లను వేరు కంపెనీల్లో పెట్టారు, కట్టిన తర్వాత కూడా 1960ల దాకా దక్షిణాది పార్కుల్లో వాళ్లకు ప్రవేశం లేకపోవడమో, విడిగా ఓ మూల చూపించడమో జరిగేది. ఇవాళ గేటు దగ్గర మన రంగు ఎవరూ అడగడం లేదంటే, దానికోసం కోర్టులకెక్కినవాళ్లు వేరే ఉన్నారు.

ఊరు పెరిగిందని ఇంకో చెరువు తవ్వుకోవచ్చు కదా అనొచ్చు. తవ్వారు కూడా. అదే ఫానిన్ కౌంటీలో, బోన్‌హామ్‌కు ఈశాన్యంగా, బోడార్క్ లేక్ అనే జలాశయం 2024లో జనానికి తెరిచారు. విస్తీర్ణం 16,641 ఎకరాలు, అంటే పార్కు చెరువుకు 256 రెట్లు. ప్లేనో, ఫ్రిస్కో, మెకిన్నీ ఊళ్లకు నీళ్లిచ్చే సంస్థే దాన్ని కట్టింది. టెక్సస్‌లో దాదాపు మూడు దశాబ్దాల తర్వాత కట్టిన పెద్ద జలాశయం అది. ఫ్రిస్కో వంటింట్లో పప్పు ఉడికే నీళ్లలో కొన్ని ఆ కౌంటీవే. అయితే తాగునీటి జలాశయం వేరు, రాత్రి పడుకోవడానికి చోటున్న పార్కు వేరు. టెక్సస్‌లో దాదాపు 95 శాతం భూమి ప్రైవేటు వాళ్లది. నడవడానికీ, టెంటు వేసుకోవడానికీ అందరికీ హక్కున్న నేల చాలా తక్కువ.

అది ఎంత సులువుగా పోతుందో 2023లో చూశాం. డాలస్, హ్యూస్టన్‌ల మధ్య ఫెయిర్‌ఫీల్డ్ లేక్ స్టేట్ పార్క్ ఉండేది, 1,821 ఎకరాలు. దాని నేల రాష్ట్రానిది కాదు, విద్యుత్ కంపెనీ దగ్గర లీజుకు తీసుకున్నది. కంపెనీ ఆ పార్కూ చెరువూ కలిపి సుమారు 5,000 ఎకరాలను ఓ రియల్ ఎస్టేట్ సంస్థకు 11.05 కోట్ల డాలర్లకు అమ్మేసింది. ఇళ్లూ గోల్ఫ్ కోర్సూ కట్టాలన్నది కొన్నవాళ్ల ఆలోచన. రాష్ట్రం భూసేకరణ నోటీసిచ్చింది. విలువ కట్టమని వేసిన కమిషనర్లు తేల్చిన అంకె 41.8 కోట్ల డాలర్లు, అంటే ఎకరం 83,000 పైన. రాష్ట్రం చేతులెత్తేసింది, పార్కు మూతపడింది. ఆ ఏడాదే నవంబరులో ఓటర్లు కొత్త పార్కుల భూమి కోసం 100 కోట్ల డాలర్ల నిధికి ఒప్పుకున్నారు. అంత పెద్ద నిధిలో కూడా ఫెయిర్‌ఫీల్డ్ లాంటివి ఆ ధరకు రెండు మాత్రమే వస్తాయి. బోన్‌హామ్ నేల రాష్ట్రం సొంతం. చిన్నదైనా ఎవరూ ఖాళీ చెయ్యమనలేరు.

జేబు లెక్క

ప్రవేశ రుసుము బోన్‌హామ్‌లో మనిషికి రోజుకు 4 డాలర్లు. 12 ఏళ్లు, ఆలోపు పిల్లలకు లేదు. వేరే పార్కుల్లో ఇంకొంచెం ఎక్కువ ఉంటుంది. నీళ్లూ కరెంటూ ఉన్న క్యాంప్ సైటు రాత్రికి 20 డాలర్ల చుట్టూ పడుతుంది. చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు. సైటు డబ్బులు కట్టేశాం కదా, ఇంకా ప్రవేశ రుసుమేమిటని గేటు దగ్గర వాదనకు దిగుతారు. రెండూ వేర్వేరు.

ఏడాది పాస్ 70 డాలర్లు. పాస్ ఉన్న మనిషితో ఒకే కారులో వచ్చిన అందరికీ ప్రవేశం ఉచితం, రాష్ట్రంలోని ఏ పార్కుకైనా, ఎన్నిసార్లయినా. మరి కొనాలా వద్దా? భార్యాభర్తలూ ఇద్దరు చిన్నపిల్లలే అయితే బోన్‌హామ్‌కు ఒక రోజు ఖర్చు 8 డాలర్లు, పాస్ గిట్టుబాటు కావాలంటే తొమ్మిదిసార్లు వెళ్లాలి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నారనుకోండి, లెక్క మారిపోతుంది. పెద్దవాళ్లు నలుగురు, రోజుకు 16 డాలర్లు. ఐదో రోజుకే పాస్ డబ్బులు తిరిగొచ్చేస్తాయి. వారాంతానికి రెండు రోజులు లెక్కేసుకుంటే మూడో వారాంతం నుంచి లాభం. ఆరు నెలలుండే అమ్మానాన్నలకు మాల్‌లూ గుళ్లూ అయిపోయాక ఇంకేం చూపించాలో తోచక తలపట్టుకునే ఇళ్లకు ఈ 70 డాలర్లు చవకే. 65 దాటిన టెక్సస్ వాసులకు ప్రవేశ రుసుములో సగం తగ్గింపు ఉంది. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు ఇక్కడి వాసులు కారు కనక వాళ్లకు ఆ తగ్గింపు ఆశించకండి.

ఈ పార్కులకు డబ్బెక్కడిదన్నది చాలామందికి తెలియదు. గేటు దగ్గర మనం కట్టేది కొంతే. క్రీడాసామగ్రి మీద వసూలయ్యే అమ్మకపు పన్నును పార్కులకు, చారిత్రక స్థలాలకు మాత్రమే ఖర్చుపెట్టాలని 2019లో రాజ్యాంగ సవరణ చేసుకున్నారు. అంతకుముందు శాసనసభ ఆ సొమ్మును ఇష్టం వచ్చినచోటికి మళ్లించేది. కాబట్టి బాబుకి కొన్న క్రికెట్ బ్యాటు మీద కట్టిన పన్ను కూడా ఎక్కడో ఓ పార్కు పైకప్పు బాగుచేయడానికి వెళ్తుంది.

సైటు దొరకడం

బుకింగ్ ఐదు నెలల ముందు తెరుచుకుంటుంది. ఐదు నెలల్లో వారాంతాలు 21 లేదా 22. సైట్లు కొద్దిగానే ఉన్న పార్కులో శుక్ర, శనివారాల రాత్రుల కోసం లక్షల జనం ఉన్న నగరం పోటీ పడుతుంది. అక్టోబరు 10న దిగాలంటే మే 10న కంప్యూటర్ ముందు కూర్చోవాలి. మార్చి నడిమి స్ప్రింగ్ బ్రేక్‌కు అక్టోబరు నడిమిన, థ్యాంక్స్‌గివింగ్‌కు జూన్ నెలాఖరున. మనం ఇండియా టికెట్లు కొనేటప్పుడు చూపించే చురుకుదనం ఇక్కడా చూపించాలి. చూపించలేకపోతే ఆదివారం నుంచి గురువారం దాకా రాత్రులు చూడండి. స్కూలు సెలవులప్పుడు సోమ, మంగళవారాలు పార్కు సగం ఖాళీగా దొరుకుతుంది, పైగా ఆ రోజుల్లో పక్క టెంటు వాళ్ల గురక కూడా వినపడదు. పగటిపూట వెళ్లి వచ్చేవాళ్లు కూడా నెల రోజుల ముందే డే పాస్ బుక్ చేసుకోవచ్చు. ఎండలు మొదలైన శనివారాల్లో పార్కు నిండిపోయిందని గేటు నుంచే వెనక్కి పంపడం మామూలే.

ఎనిమిది మంది నియమం మన బృందాలకు కొంచెం ఇబ్బంది. మనం ఎక్కడికెళ్లినా ఐదారు కుటుంబాలు, వాళ్లతో వచ్చిన తమ్ముడి రూమ్మేట్లు. ఐదు కుటుంబాలంటే 20 మంది, మూడు సైట్లు. చంటిబిడ్డ కూడా ఆ ఎనిమిదిలో ఒకరే. మూడు సైట్లు పక్కపక్కన దొరకవు, ఇద్దరు ముగ్గురు వేర్వేరు లాగిన్లతో ఒకేసారి బుక్ చేసినా కష్టమే. దానికితోడు అందరి భోజనం ఒకే సైటులో పెట్టుకుంటే అది ఇరవై మంది సైటు అవుతుంది, రేంజర్ వచ్చి మర్యాదగానే చెబుతాడు. నా మాట వింటే చిన్న పార్కుకు రెండు కుటుంబాలకు మించి వెళ్లొద్దు. ఇరవై మందికి బోన్‌హామ్ చాలదు, వాళ్లకు పెద్ద చెరువులున్నాయి.

సైటులో దిగే వేళ మధ్యాహ్నం 2. ఖాళీ చేసే వేళ 12. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరి చీకటిపడ్డాక చేరి, ఫోన్ల లైట్ల వెలుగులో టెంటు వేసుకునే వీరులున్నారు. టెంటు గురించి ఒక్క సంగతి: ఆరుగురి టెంటు అని అట్టపెట్టె మీద రాసుంటే, దాని నేల సుమారు 10 అడుగులకు 10. ఆరుగురు పడుకుంటే మనిషికి దక్కేది అడుగున్నర పైచిలుకు వెడల్పు, అది ట్రెయిన్‌లో స్లీపర్ బెర్తు కన్నా ఇరుకు. సామాను పెట్టుకోవడానికి చోటే ఉండదు. పెట్టె మీద అంకెను సగానికి కొట్టేసి కొనండి.

కరెంటు పెట్టె దగ్గర

మనవాళ్ల క్యాంపింగులో అసలు ఘట్టం ఇది. సైటు మూలన నడుము ఎత్తు కొయ్య మీద ఓ రేకు పెట్టె ఉంటుంది. మూత పైకెత్తితే లోపల రెండు రకాల సాకెట్లు. పెద్దది, బొద్దు పిన్నులది, 30 ఆంపియర్లది, అది ఇంటిబండ్ల (ఆర్‌వీల) కోసం. దాని పక్కన ఇంట్లో గోడకున్నలాంటిదే చిన్నది, 20 ఆంపియర్లది. టెంటువాళ్లకు పనికొచ్చేది ఈ రెండోది.

120 వోల్టులను 20 ఆంపియర్లతో గుణిస్తే 2,400 వాట్లు. అది పై అంచు. ఎక్కువసేపు లాగాలంటే అందులో 80 శాతం, అంటే 1,920 వాట్ల లోపు ఉండటం క్షేమం. ఇప్పుడు మన బుట్టలోంచి తీసేవి చూడండి. ఆరు క్వార్టుల ఇన్‌స్టంట్ పాట్ 1,000 వాట్లు. టీ కోసం ఎలక్ట్రిక్ కెటిల్ 1,500 వాట్లు. రెండూ ఒకే పవర్ స్ట్రిప్‌కు తగిలించి ఒకేసారి నొక్కారంటే 2,500. ఠక్కుమని పెట్టెలోంచి చప్పుడొస్తుంది, అన్నం సగం ఉడికి ఆగుతుంది. బ్రేకర్‌ను మళ్లీ పైకి తోస్తే పనిచేస్తుంది, కానీ సంగతి అర్థం కాక రెండో మూడోసారీ తోసేవాళ్లే ఎక్కువ. పరిష్కారం చాలా తేలిక: ముందు టీ, తర్వాత అన్నం. చలికాలంలో టెంటులోకి హీటర్ తెచ్చుకుంటే అది ఒక్కటే 1,500. అది తిరుగుతుండగా ఇంకేదీ పెట్టకూడదు. అసలు గుడ్డ గోడల మధ్య హీటరు పెట్టుకుని నిద్రపోవడం నాకు నచ్చని పని, మందపాటి రజాయి తెచ్చుకోండి. సాకెట్‌కు తడి తగిలినా అది దానంతటదే ఆగిపోయే రకం. వాన పడిన రాత్రి కరెంటు పోయిందని రేంజర్‌ను తిట్టుకునే ముందు సాకెట్ మీది చిన్న మీట నొక్కి చూడండి.

ఇండియా నుంచి తెచ్చిన మిక్సీ 230 వోల్టులది, అది అక్కడ తిరగదు. పచ్చడి ఇంట్లోనే చేసుకుని రావాలి. గ్యాసు స్టవ్ తెచ్చుకుంటే ఈ గొడవలే ఉండవు, పెసరట్టు వేసుకునే స్థాయికి ఎదగొచ్చు.

మంట మీద చెయ్యాలనుకుంటే రెండు సంగతులు. పార్కులో పుల్లలు ఏరకూడదు, ఎండి రాలిపడిన కొమ్మ కూడా. అవి కుళ్లి మట్టిలో కలవాలన్నది నియమం. కట్టెలు కొనుక్కోవాలి. దుకాణాల్లో అమ్మే మామూలు మోపు రెండు గంటలు మండితే గొప్ప. రెండోది, వానల్లేని నెలల్లో కౌంటీ వాళ్లు మంటల మీద నిషేధం పెడతారు. అప్పుడు కట్టెలూ బొగ్గులూ రెండూ కుదరవు, గ్యాసు స్టవ్‌కు సాధారణంగా అభ్యంతరం ఉండదు. బయల్దేరే రోజు పొద్దున్నే చూసుకోండి, చికెన్ మసాలాలో నానబెట్టేశాక చూసుకుంటే లాభం లేదు.

తిండి నిల్వకు అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క గట్టిది. చల్లగా ఉండాల్సినవి 4 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. వండినది బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే. పెరుగన్నం, చికెన్ కూర ఐస్ పెట్టెలో ఉండాల్సిందే. మన పులిహోర మాత్రం చింతపండు పులుపు మీద కాస్త బతుకుతుంది. రైలు ప్రయాణాలకు దాన్ని కట్టిచ్చిన అమ్మమ్మలు ఊరికే కట్టివ్వలేదు. రాత్రి మిగిలినది బల్ల మీద వదిలేసి పడుకుంటే రకూన్‌లు వచ్చి డబ్బాల మూతలు తీసి మరీ తింటాయి. అన్నీ కారులో పెట్టి తాళం వెయ్యండి.

ఏ నెలలో వెళ్లాలన్నది చీకటి చెబుతుంది. జూన్ నడిమి వారాల్లో అక్కడ పొద్దుగుంకేది ఎనిమిదిన్నర దాటాక. చీకటి చిక్కబడేసరికి తొమ్మిదింబావు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిశ్శబ్ద వేళలు. అంటే నిప్పు చుట్టూ కూర్చుని అంత్యాక్షరి ఆడదామనుకున్నవాళ్లకు మిగిలేది ముప్పావు గంట. అదే అక్టోబరు నెలాఖరులో ఆరూ నలభైకే సూర్యుడు దిగిపోతాడు, పది లోపు మూడు గంటల చీకటి సొంతం. వేడి సంగతీ అంతే. ఆగస్టు పగళ్లు సగటున 36 డిగ్రీల దాకా వెళ్తాయి, రాత్రి 24కు దిగినా గొప్పే, గుడ్డ టెంటులో అది నిద్రపట్టే వేడి కాదు. అక్టోబరులోనూ ఏప్రిల్‌లోనూ పగలు పాతిక, రాత్రి పదిహేను లోపు. ఏప్రిల్‌కు ఒక చిక్కుంది, ఉత్తర టెక్సస్‌లో గాలివానలూ టోర్నడోలూ ఆ రోజుల్లోనే ఎక్కువ. నన్నడిగితే అక్టోబరే.

నిశ్శబ్ద వేళల గురించి మనవాళ్లతో పోట్లాట పెట్టుకోవడం ఎందుకని చాలామంది ఊరుకుంటారు, నేను ఊరుకోను. 65 ఎకరాల నీటి మీద శబ్దానికి అడ్డేమీ ఉండదు. ఈ ఒడ్డున బ్లూటూత్ స్పీకర్‌లో డీజే పాట పెడితే ఆ ఒడ్డున పసిబిడ్డ లేస్తుంది. మందు విషయం కూడా చెప్పేస్తాను: టెక్సస్ స్టేట్ పార్కుల్లో బహిరంగంగా తాగడమే కాదు, సీసా కనపడేలా పెట్టడమూ నిషేధం.

చెరువులో చేపలు పట్టాలంటే ఓ శుభవార్త. స్టేట్ పార్కు ఒడ్డు నుంచి గాలం వేస్తే ఫిషింగ్ లైసెన్సు అక్కర్లేదు. బయట వేస్తే మామూలుగా పెద్దవాళ్లకు కావాలి. గాలం తప్ప వలలు కుదరవు. కొన్ని పార్కుల్లో గాలాలు అరువిచ్చే ఏర్పాటు కూడా ఉంది, వారం దాకా ఉంచుకోవచ్చు. క్యాట్‌ఫిష్ పడుతుంది, బాస్ పడుతుంది, అరచేతంత సన్‌ఫిష్‌లు పిల్లలకు గంటకు రెండు మూడయినా దొరుకుతాయి. పట్టిన చేపను సైటులోనే పులుసు పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేదు, చింతపండు మరిచిపోకుండా ఉంటే. చిన్న చెరువు కనక మరపడవలు దూసుకెళ్లవు, అలలు లేవకుండా మెల్లగా పోవాలి. కయాక్ నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

ఈత విషయంలో మాత్రం నవ్వులాట వద్దు. లైఫ్‌గార్డులు ఉండరు. అమెరికాలో చదువుకుంటున్న మన కుర్రాళ్లు చెరువుల్లోనూ జలపాతాల దగ్గరా మునిగిపోయారన్న వార్తలు తరచూ చదువుతున్నాం. అందులో చాలామందికి ఈత రాదు, వచ్చినవాళ్లు స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకున్నవాళ్లు. ఉత్తర టెక్సస్ చెరువుల నీళ్లు బురదగా ఉంటాయి, నడుము లోతు ఎక్కడ ముగుస్తుందో కంటికి తెలియదు. రాష్ట్ర చట్టం ప్రకారం 26 అడుగుల లోపు పడవలో, కయాక్‌లో కూడా, 13 ఏళ్ల లోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి. పెద్దవాళ్ల జాకెట్ పడవలో ఉంటే చాలంటుంది చట్టం. ఈత రాని పెద్దవాళ్లు చట్టాన్ని పక్కన పెట్టి ఒంటి మీద వేసుకోండి.

ఇక ఒంటిని పట్టుకునేవి. మూడేసి ఆకుల పాయిజన్ ఐవీ తీగ తగిలితే వారాల పాటు దురద. గడ్డిలో కంటికి ఆనని చిగ్గర్ పురుగులు చెప్పులు వేసుకున్న కాళ్లను వెతుక్కుంటాయి, మేజోళ్లూ బూట్లూ వేసుకుంటే సగం బాధ తప్పుతుంది. మెత్తటి మట్టిదిబ్బలు కనిపిస్తే అవి ఫైర్ యాంట్స్ పుట్టలు, చాప పరిచేముందు చూసుకోవాలి. పాములూ ఉన్నాయి, మనం రాత్రి టార్చి లేకుండా నడవకపోతే వాటి దారిన అవి పోతాయి.

ఆదివారం మధ్యాహ్నం 12కి సైటు ఖాళీ చెయ్యాలన్నాను కదా. పదింటికే మొదలుపెట్టండి, ఎందుకంటే మన వంట గిన్నెలున్నాయి. సైటు కుళాయి కింద నూనె మూకుడు పెట్టి సబ్బుతో తోమేస్తే ఆ నీళ్లు మట్టిలోంచి దిగి చేరేది అదే చెరువుకు, దాని వాసన పట్టుకుని చీమలూ రకూన్‌లూ చేరేది మీ తర్వాత రెండింటికి దిగబోయే కుటుంబం దగ్గరికి. మూకుడును పేపర్ టవల్‌తో శుభ్రంగా తుడిచి, ఆ కాగితాలు చెత్త సంచీలో వేసి, మూకుడును కవర్లో చుట్టి కారులో పెట్టుకోండి. తోమడం ఇంటికెళ్లాక. పాస్ కొనాలో వద్దో ఇంకా తేలకపోతే, గేటు దగ్గర వెళ్లేటప్పుడు కూడా అమ్ముతారేమో ఒకమాట అడిగి చూడండి.